చంద్రిక మీద పడే వెలుతురు

జాలరిపేటలో ఆ వీధికి కరెంటు పోతే జనం ఫ్యూజు చూసుకోరు, చంద్రిక ఇంటివైపు చూస్తారు.

ఆ బుధవారం పొద్దున్న సముద్రం మీద మబ్బు కమ్ముకుంది. వీధిలో కరెంటు తీసేశారు. పక్కింటి నూకాలు బుట్టెడు నెత్తళ్లు తెచ్చి చంద్రిక వసారాలో దించి, కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. వేలెడంత చేపలు అవి, తలా పేగూ తియ్యాలంటే చూపు ఆనాలి.

"అక్కా, ఓపాలి ఏడవ్వా? ఏటీ కనపడ్డం నేదు" అంది.

చంద్రిక టీ గ్లాసు కిటికీలో పెట్టి వచ్చింది. స్తంభానికి ఆనుకుని, గొంతులో కాస్త వణుకు తెచ్చుకుని, "ఎంత నమ్మాను నిన్ను" అంది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే పైనుంచి పసుప్పచ్చటి వెలుతురు గుండ్రంగా ఆమె మీద పడింది. పైన పెంకులున్నాయి, పెంకుల మీద మబ్బుంది. దానికవేవీ అడ్డం కావు. నూకాలు బుట్టని వెలుతురులోకి లాక్కుని పని మొదలెట్టింది.

"పులుసెట్టి నీక్కూడా అట్టుకొత్తాను లే" అంది.

చంద్రికకి అరవై రెండేళ్లు. అమ్మానాన్నా పెట్టిన పేరు పైడితల్లి. పదహారో ఏట నాటక సమాజంలో చేరితే వాళ్లు పేరు మార్చారు, ఆ ఏడాదే ఈ వెలుతురూ మొదలైంది. లేని భావాన్ని ఉన్నట్టు చూపిస్తే చాలు, స్టేజీ మీదైనా సరే, రేషను లైన్లోనైనా సరే, వచ్చి పడుతుంది. నిజంగా ఆకలేసినప్పుడు రాదు. నిజంగా ఒళ్లు మండినప్పుడూ రాదు. జనరేటరు తెచ్చుకోలేని సమాజాలు వెతుక్కుంటూ వచ్చి ఆమెకే వేషాలిచ్చేవి. బీచ్‌లో సినిమాలు తీసేవాళ్లు తల్లి వేషానికి పిలిచి, ఒక లైట్‌మేన్ కూలి మిగుల్చుకునేవారు.

వాళ్లమ్మ పోయిన రోజున, శ్మశానంలో, అంతమంది చుట్టాల మధ్య చంద్రిక గుండెలు బాదుకుని ఏడ్చింది. పట్టపగలు, ఎండలో కూడా కనబడేటంతగా ఆ వెలుతురు వచ్చి పడింది. ఒక ముసలాయన అది కంట్లో పడుతోందని పక్కకి జరిగాడు. ఆ జరగడం చంద్రిక ఇప్పటికీ మర్చిపోలేదు.

నెత్తళ్లు సగం అయ్యేసరికి గేటు దగ్గర ఆటో ఆగింది. నేత చీర కట్టుకున్న పెద్దావిడ, చేతిలో గుడ్డ సంచీతో దిగింది. జడంతా తెలుపే. చెప్పులు మెట్టు కింద విడిచి, "చంద్రిక గారిల్లు ఇదేనాండీ?" అంది. మాటలో గోదావరి యాస ఉంది.

"నానే. ఎవరు మీరు?"

"ధనలక్ష్మినండి. రమణమూర్తి గారి భార్యని."

చంద్రిక మీది వెలుతురు టక్కున ఆరిపోయింది. నూకాలు కత్తిపీట మీంచి ఇద్దర్నీ ఒకసారి చూసి, బుట్ట ఎత్తుకుని, మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

రమణమూర్తికి ముందు కూడా చంద్రిక జీవితంలో మగవాళ్లున్నారు. హార్మోనియం వాయించే సూరన్న మొదటివాడు. నాటకాలవాడు కాబట్టి వాడికి ఆ వెలుతురు సంగతి తెలుసు. ఒక మధ్యాహ్నం ఆమె వాడి భుజం మీద తల పెట్టి ప్రేమగా ఏదో అన్నప్పుడు గదంతా పచ్చబడింది. "నా కాడ కూడా నాటకమేటే?" అని హార్మోనియం పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాతివాడు పోర్టులో గుమాస్తా మోహనకృష్ణ. వాడికి వెలుతురంటే సరదా. స్నేహితుల్ని పిలిచి, "ఒక్కసారి నన్ను చూసి సిగ్గుపడు" అని పందేలు కాసేవాడు. రెండేళ్లు సిగ్గుపడింది.

రమణమూర్తి అలాంటివాడు కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో రోలింగ్ మిల్లు ఫోర్‌మేన్. ఇరవై ఏళ్ల కిందట ఉగాదికి ఉక్కునగరం క్లబ్బులో నాటకం వేస్తే, ఆర్టిస్టులకి భోజనాలు చూసే పని ఆయనది. ఆమె ఆలస్యంగా వస్తే తన టిఫిను డబ్బా ఇచ్చేశాడు. తర్వాత ఆరేళ్లు, ప్రతి మంగళవారం, వీక్లీ ఆఫ్ రోజున, గాజువాకలో ఆమె అద్దెకున్న గదికి వచ్చేవాడు. స్టేజీ మీది వెలుతురు క్లబ్బు లైట్లదే అనుకున్నాడు. గదిలో మొదటిసారి పడినప్పుడు ఆయన నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు. "నన్ను ప్రేమిస్తే నీకు ఇలా వెలుగొస్తుందా?" అన్నాడు. కాదనడానికి ఒక్క క్షణం చాలు. చంద్రిక ఆ క్షణాన్ని పోనిచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లు కాదనడానికి వీల్లేకపోయింది. కూతురికి సంబంధం కుదరగానే ఆయన రావడం మానేశాడు. ఆఖరి రోజున కూడా చంద్రిక ఏడ్చింది, వెలుతురు పడింది, దాన్ని గుండెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ధనలక్ష్మి కుర్చీ అంచు మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగింది.

"ఆయనకి షుగరు కళ్లకెక్కిందండి. ఎదురుగా మనిషి నిలబడితే నల్లగా ఏదో ఉందనిపిస్తుందట, అంతే. పది రోజులై అన్నం సరిగా తినట్లేదు. మొన్న నోరు జారారు. ఒక్కసారి చంద్రిక వెలుతురు చూస్తే చాలునే, అది మాత్రం నాకు కనబడుతుంది అన్నారు. మీరొకసారి రావాలండి."

"మీకు..." చంద్రిక మాట మింగింది. "మీకు తెలుసా?"

"మొదటి నెలలోనే తెలిసిందండి." ధనలక్ష్మి చిన్నగా నవ్వింది. "నాకేం బాధ లేదు. ఆయన నాలుగు మెతుకులు తింటే చాలు."

తిడుతుందని చంద్రిక ఎదురు చూసింది. తిడితే ఏం చెయ్యాలో తెలుసు. కాళ్ల మీద పడే ఘట్టాలు ఎన్నో చేసింది. ఆవిడ తిట్టలేదు. ఆటోలో పక్కన చోటిచ్చి, జల్లు కొడుతుందేమోనని తన వైపు కూర్చోమంది. గాజువాక వస్తూండగా సంచీలోంచి బత్తాయి తీసి, వలిచి, సగం చంద్రిక చేతిలో పెట్టింది. చంద్రిక ఒక్కో తొనా తింటూ బయటికి చూసింది. ఆ వీధీ, ఆ పాత గది వైపు సందూ కనబడ్డాయి. ధనలక్ష్మి కూడా అటే చూసింది. ఆవిడకి ఆ సందు తెలుసని అప్పుడర్థమైంది.

ఉక్కునగరంలో వాళ్ల కూతురు ఆశాజ్యోతి క్వార్టరు ముందు ఆటో దిగారు. అమ్మాయి డ్యూటీకి వెళ్లింది. వెనక గదిలో మంచం మీద గోడకానుకుని రమణమూర్తి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు మాత్రమే పాతవి. మిగతా మనిషంతా తగ్గిపోయాడు.

"ఏవండీ, చంద్రిక గారొచ్చారు" అంది ధనలక్ష్మి, ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చినట్టుగా. మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆయన మొహం ఇటు తిప్పాడు. "చంద్రికా?"

చంద్రిక మంచం దగ్గరికి నడిచింది. ఆయన దగ్గర ఏనాడూ తన యాస మాట్లాడలేదు. స్టేజీ భాషే మాట్లాడేది. ఇప్పుడూ అదే వచ్చింది. "మిమ్మల్ని తలుచుకోని రోజు లేదండీ. మీరు ఇలా ఉన్నారని తెలిస్తే రెక్కలు కట్టుకుని వాలేదాన్ని."

వెలుతురు పడింది. మంచం అంచూ, దుప్పటి మీది పూలూ, ఆయన గోళ్లూ కూడా కనబడ్డాయి. రమణమూర్తి మొహం పైకెత్తి, చిన్న పిల్లాడు వానని చూసినట్టు చూశాడు. కళ్లవెంట నీళ్లు కారాయి.

"వచ్చింది! ధనం, ఇలా రా. చూశావా, వచ్చింది!"

గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడి, "చూశానండీ" అంది ధనలక్ష్మి.

ఆ రెండు మాటలూ చంద్రిక వీపుకి తగిలాయి. శ్మశానంలో పక్కకి జరిగిన ముసలాయన గుర్తొచ్చాడు. జీవితమంతా తాను ఎవరో ఒకరి కంట్లోనే వెలుతురు కొడుతూ బతికానని అనిపించింది. చెవులు వేడెక్కాయి. నేలలో దూరిపోవాలనిపించింది. అలా అనిపిస్తూండగానే నోరు తెరిచింది.

"మూర్తి గారూ, ఇది పేమ కాదండీ."

ఆ గొంతు ఆయనెరగడు. "ఎవరూ?"

"నానే. నాను మాటాడితే ఇలాగుంటాది. యాక్టింగు సేత్తేనే ఈ లైటు పడతాది, నిజానికి పడదు. మా యమ్మ శవం కాడ కూడా పడింది. మీకాడ ఆరేళ్లూ పడింది."

వెలుతురు సన్నబడసాగింది.

"మరి నేనడిగితే..."

"మీరడిగిన్నాడు ఊరుకున్నాను. మీరు మంచోరు, పోతారేమోనని ఊరుకున్నాను. ఓపాలి నాకు జ్వరమొచ్చింది గేపకముందా? ఆ పొద్దు మీ సెయ్యి అట్టుకుని తొంగున్నాను. లైటు లేదు. పేమ పోయిందేమోనని మీరు బయపడిపోనారు. మీ మొకం సూడలేక లేచి నవ్వినాను, అప్పుడొచ్చింది. మీరు దండం ఎట్టినారు దానికి." ఆమె ఆయన చేతులవైపు చూసింది. "లైటు లేనప్పుడు సెయ్యట్టుకున్నానే, అదొక్కటే నిజం, మూర్తి గారూ. మిగతాదంతా నాటకం."

వెలుతురు పూర్తిగా పోయింది. కిటికీ తెరలోంచి వచ్చే మామూలు పగలే మిగిలింది. రమణమూర్తికి అది కూడా లేదు.

ఆయన గుమ్మం వైపు తల తిప్పాడు. "ధనం. నీకు మంగళవారాల సంగతి అప్పుడే తెలుసా?"

"తెలుసండి."

"మరి ఏమీ అనలేదేం?"

"అనడానికేముందండీ." ధనలక్ష్మి నవ్వింది, పొద్దున్న చంద్రిక ఇంట్లో నవ్విన నవ్వే. "మీ సంతోషమే నా సంతోషం. నాకెప్పుడూ ఏ బాధా లేదు."

అప్పుడు వెలుతురు మళ్లీ పడింది. చంద్రిక మీద కాదు. గుమ్మంలో నిలబడ్డ ధనలక్ష్మి మీద. చంద్రిక మీద ఏనాడూ అంత గట్టిగా పడలేదు. ఆవిడ నెరిసిన జుట్టు, చీర మడతలు, చేతిలో మజ్జిగ గ్లాసు, అన్నీ తెల్లగా మండాయి. ఆవిడ బిత్తరపోయి చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుంది. ఒకడుగు పక్కకి వేసింది. వెలుతురూ వేసింది.

ఆ వెలుతురులో కనబడుతున్న ఆవిడనే రమణమూర్తి చూస్తున్నాడు. ఆ వెలుతురంటే ఏమిటో ఆయనకిప్పుడు తెలుసు.

"ఎన్నాళ్లై, ధనం?"

"ఏం లేదండీ, నిజంగానే ఏం..." అంటూండగానే అది ఇంకా పెరిగింది. కిటికీలో పెట్టిన కుండీ మొక్కల నీడలు గోడ మీదికి ఎగబాకాయి. ధనలక్ష్మి మాట ఆపేసింది. గ్లాసు కింద పెట్టి, గుమ్మం పట్టుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ నవ్వు లేదు.

"మీరు మంగళవారం సాయంత్రం వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కునేవారు. నేను పీట వేసేదాన్ని. వంకాయ కూర వడ్డిస్తే బాగుందనేవారు. ఆ కంచం మీ మొహాన కొట్టాలనుండేది."

వెలుతురు ఒక మెట్టు దిగింది. ఆయన చూపులోంచి ఆవిడ చీర అంచు చెరిగిపోయింది. చెయ్యి ముందుకు చాచాడు.

ధనలక్ష్మి అది చూసి ఆగింది. "చెప్తూంటే ఆరిపోతోందండీ. మీకు కనబడదు."

"ఆరిపోతే ఆరిపోనీ" అన్నాడు రమణమూర్తి. "చెప్పు."

ఆవిడ చెప్పింది. గాజువాక సందు చివర కిరాణా కొట్టు దగ్గర ఒంటరిగా, పోపుగింజలు కొనే నెపంతో గంటసేపు నిలబడ్డ మంగళవారం గురించి చెప్పింది. ఆ గది కిటికీ పచ్చగా వెలగడం చూసి, తనని చూసినప్పుడు ఏనాడైనా ఏ దీపమైనా వెలిగిందా అనుకుంటూ సిటీ బస్సెక్కడం గురించి చెప్పింది. వెలుతురు మెట్టు మెట్టుగా దిగి, ఆవిడ మొహం మీద చిన్న చుక్కై, ఆరిపోయింది. తన చీకట్లో కూర్చున్న మనిషి తల వంచుకుని వింటూనే ఉన్నాడు.

ఆ గదిలో తనకి పని లేదని చంద్రికకి తెలిసింది. గోడ పక్కనుంచి బయటికి వచ్చింది. ఎవరూ వెళ్లమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. రోడ్డు మీద చెట్ల కింద డ్యూటీ దిగినవాళ్లు సైకిళ్ల మీద, బళ్ల మీద వెళ్తున్నారు. ఎవరైనా చూస్తే ఎలాంటి మొహం పెట్టాలో తోచలేదు. పమిట తలమీద కప్పుకుని బస్టాపు దాకా నడిచింది.

ఆ రోజు తర్వాత చంద్రిక మీద వెలుతురు మళ్లీ పడలేదు. రెండు నెలల తర్వాత బీచ్‌లో షూటింగుకి పిలిచారు. చచ్చిపోయిన కొడుకు మీద పడి ఏడవాలి. ఎంత ఏడ్చినా మామూలు ముసలిదాని ఏడుపే అయింది. డైరెక్టరు ఇంకొకావిడకి కబురు పెట్టాడు.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆశాజ్యోతి.

"మా ఇంటికొచ్చారటగా మీరు. మీకు చెప్పాలనిపించింది. అమ్మ సబ్బవరం వెళ్లిపోయిందండి. అక్కడ తన పేరున చిన్న ఇల్లుంది, అద్దెకిచ్చాం ఇన్నాళ్లూ. ఖాళీ చేయించి ఒక్కతే ఉంటోంది."

"మరి నాన్నగారు?"

"నా దగ్గరే ఉన్నారు. అన్నం తింటున్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి అమ్మ ఫోను చేస్తుంది. ఆ ఆరేళ్లలో జరిగిందేదో ఒకటి చెప్తుంది. నాన్న ఊఁ కొడతారు, అంతే. అంతా చెప్పేశాక నాన్నని అక్కడికి రమ్మంటానందట." ఆశాజ్యోతి నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. "ఇప్పటికి రెండేళ్లవి అయ్యాయట. ఇంకా నాలుగేళ్లవి ఉన్నాయట."

చంద్రిక ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"నా గురించి ఏటైనా అన్నారా, తల్లీ? అమ్మగారు?"

ఆశాజ్యోతి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "లేదండీ. మీ మాటే రాలేదు."

ఫోను పెట్టేశాక చంద్రిక వసారాలోకి వచ్చి నిలబడింది. నూకాలు వీధిలోంచి ఏదో అడిగింది. చంద్రిక వినిపించుకోలేదు. ఆ మాట ఎందుకడిగానా అని, అడిగినందుకు, ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోతూ, ఎవరూ చూడకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.