మచ్చల కోటు మీద సంవత్సరం

యుద్ధం ముగిసేనాటికి మాణిక్యాలరావు చేతిలో ఉన్నవి రెండే. అమలాపురం బజారులో ఒక అద్దె అరుగు, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల నేర్పు. విశాఖపట్నంలో పటాలం వాళ్ళు వదిలేసిన సరుకు వేలం వేస్తుంటే మూటలు కొని పడవ మీద తెచ్చేవాడు. అందులో మచ్చల కోట్లకు గిరాకీ ఎక్కువ. సైనికుడిని అడవిలో ఆకుల మధ్య దాచడానికి ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు వేసి కుట్టిన ఆ కోట్లు, ఇక్కడ వానలో చేలకు నీళ్ళు కట్టేవాళ్ళకు అక్కరకొచ్చేవి.

గిరాకీ ఉన్నచోటికి దొంగ సరుకు రాక మానదు. రెండేళ్ళు తిరక్కుండానే ముతక నేతగుడ్డకు రంగు పూసి మిలటరీదని అమ్మేవాళ్ళు బయలుదేరారు. మాణిక్యాలరావు కోటు అంచును కుంకుడు నురగలో ముంచేవాడు. రంగు దిగితే దొంగది. దిగకపోతే కుట్టు చూసి, మెడ కింద పటాలం సరుకుకు వేసే బాణం గుర్తునూ, దాని అడుగున అచ్చేసిన సంవత్సరాన్నీ చూసేవాడు. అతను ఔనంటే ఔను, కాదంటే కాదు.

మామిడికుదురులో సుబ్బరాజుగారని పెద్ద రైతు. ఆయన కొడుకు భీమరాజు పటాలంలో గుమాస్తాగా బర్మా వెళ్ళి, నలభై రెండులో జపాను వాళ్ళు వచ్చిపడినప్పుడు జాడ లేకుండా పోయాడు. అప్పటి నుంచీ బర్మా యుద్ధం సరుకు ఏది దొరికినా ఆయన కొని ఒక గదిలో పెట్టేవారు. ఇనప టోపీలు, నీళ్ళ సీసాలు, ఫిరంగుల మీద కప్పే వలలు. ఏదో ఒకదాని మీద కొడుకు పటాలం నంబరు కనబడకపోతుందా అని ఆశ. ఆ గదిలోకి దొంగది చేరకుండా చూడడం మాణిక్యాలరావు పని.

నలభై ఎనిమిది శ్రావణంలో ఆయన కబురంపారు. మాణిక్యాలరావు వెళ్ళేసరికి బల్ల మీద ఒక మచ్చల కోటుంది. వాకిట్లో ఎర్రయ్య అనే బక్కపలచటి మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయివాళ్ళ ఎదుటికి రారు. సుబ్బరాజుగారి భార్య సుబ్బాయమ్మ, కోడలు సత్యవేణి గుమ్మానికి కట్టిన తెర వెనక ఉన్నారు.

"చూడవయ్యా మాణిక్యం. మావాడు కొండదారిలో జ్వరమొచ్చి పోతూ, ఇతనికి విప్పి ఇచ్చేడట," అన్నారు సుబ్బరాజుగారు.

"ఆయ్. మాది కొత్తపేట దగ్గరండి. బరువులు మోసే కూలీనండి నేను. ఒకే జిల్లా వాడినని దగ్గరికి తీసేరండి. తరవాత అస్సాం తేయాకు తోటల్లో చిక్కడిపోయేనండి," అన్నాడు ఎర్రయ్య.

"కబుర్లకేం, ఎవరైనా చెబుతారు. ముందు గుడ్డ సంగతి చూడమనండి," అంది తెర వెనక నుంచి సుబ్బాయమ్మ.

రంగు దిగలేదు. కుట్టు పటాలం కుట్టే. మెడ కింద బాణం గుర్తుంది. దాని అడుగున సంవత్సరం చూసి మాణిక్యాలరావు కోటు మడిచేశాడు.

"సరుకు అసలుదేనండి. కానీ నలభై నాలుగులో కుట్టేరు. అబ్బాయిగారు కనబడకుండా పోయింది నలభై రెండులో కదండీ. ఇది ఆయనది కాదండి."

తెర వెనక అప్పటిదాకా సన్నగా వినబడుతున్న వెక్కిళ్ళ మీదుగా సుబ్బాయమ్మ గొంతు లేచింది. "నా బిడ్డ ఉన్నాడని నేను చెప్పలేదూ. సత్యవేణీ, కళ్ళు తుడుచుకో. బతికున్న మొగుడి కోసం ఏడిస్తే అరిష్టం."

వెక్కిళ్ళు ఆగిపోయాయి. పాలేళ్ళు ఎర్రయ్యను నాలుగు తగిలించి, కోటు వీధిలోకి విసిరేసి తరిమారు.

పాశర్లపూడి రేవులో పడవ కోసం ఎదురుచూస్తూ మాణిక్యాలరావుకు కనబడ్డాడు ఎర్రయ్య. పెదవి చిట్లింది. వీధిలో ఏరుకున్న కోటు చంకలో ఉంది.

"ఎంత గుంజుదామని వచ్చేవయ్యా?"

"ఏమీ అడగలేదు కదండీ నేను."

నిజమే, అడగలేదు. మాణిక్యాలరావుకు ఆ సంగతి అప్పుడే తట్టింది.

"మరి ఈ కోటు?"

"రాజమండ్రి సంతలో కొన్నానండి. మనిషి పోయిన మాట మాత్రం నిజవండి. ఒంటి మీద గుడ్డతోనే, ఈ చేతుల్తో మట్టేసేను. ఉత్త చేతుల్తో వస్తే నాలాంటోడి మాట ఎవరు నమ్ముతారండి? మిలటరీ కోటు కదా, చాలనుకున్నాను. కోడలుగారికో మాట చెప్పమన్నారండి ఆయన."

"ఏం మాట?"

"అది ఆవిడికేనండి."

"పద, మళ్ళీ వెళదాం. నేను చెబుతాను."

"ఒకసారి తిన్నవి చాలండి," అని ఎర్రయ్య పడవెక్కేశాడు.

మాణిక్యాలరావు ఒక్కడే వెనక్కి నడిచాడు. ఆ ఇంట్లో పరమాన్నం ఉడుకుతోంది. చెప్పిందంతా విని సుబ్బరాజుగారు వంటింటి వైపు ఒకసారి చూశారు.

"ఇందాక నువ్వు కాదంటేనే కదయ్యా కాదనుకున్నాం. వర్తకుడివి. రెండు మాటలు చెబితే రెండూ చెల్లవు. మొదటిదే ఉంచుకో."

వారం తరవాత ఆ ఇంటి పనిమనిషి కాంతం కొట్టు దగ్గరికి వచ్చింది. "చిన్నమ్మగారు అడిగి రమ్మన్నారండి. ఆ మనిషి ఎక్కడుంటాడని."

మాణిక్యాలరావు కొట్టు కట్టేసి కొత్తపేట వెళ్ళాడు. ఎర్రయ్య మళ్ళీ అస్సాం రైలెక్కేశాడన్నారు. ఏ తోటో ఎవరికీ తెలియదు. మర్నాడు మళ్ళీ వచ్చిన కాంతంతో తనకు తెలిసినంతా చెప్పాడు.

"ఆయనేదో మాట చెప్పమన్నారని కూడా చెప్పమంటారా?" అంది కాంతం.

అతను తలూపాడు. "చెప్పమ్మా."

"రోజూ అత్తగారే తలదువ్వి పువ్వులు పెడతారండి. ఈవిడ నూతి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడుస్తారు, తేడా తెలియకుండా."

ఎనిమిదేళ్ళు గడిచాయి. సుబ్బరాజుగారు పోయారు, కొడుక్కి కర్మ చెయ్యకుండానే. సుబ్బాయమ్మ మాత్రం కోడలికి పువ్వులు మానలేదు. ఎంత పెద్ద రైతుకైనా నీ కొడుకు కోటు కాదని మొహం మీదే చెప్పగల నికార్సయిన మనిషని మాణిక్యాలరావు పేరు నరసాపురం దాకా పాకింది. అద్దె అరుగు పోయి సొంత కొట్టు వచ్చింది. ఆ రోజు మాటతో అతను సంపాదించింది మంచి పేరు. దాని ఖరీదు అతను కట్టలేదు. మామిడికుదురులో తెర వెనక ఒక మనిషి ఇంకా కడుతూనే ఉంది.