రక్తం చెప్పిన నాలుగు గంటలు

“మెట్ల మీంచి జారిపడ్డాడు డాక్టరుగారూ. వెంటనే తీసుకొచ్చేశాను,” అన్నాడు అన్నయ్య.

అతను పాలరాతి గోదాములో మేస్త్రీ. ఇప్పుడు మంచం మీదున్న చెల్లెలి మొగుడికి అక్కడే పని ఇప్పించాడు. తల్లి పోయాక చెల్లెలికి జడలేసి పెంచినవాడు. అతని మాట ఆమెకు వేదవాక్కు. అందుకే డాక్టరమ్మ తనవైపు చూస్తే, అవునని తలూపింది.

డాక్టరమ్మ దుప్పటి తీసింది. రోగి తొడ ఉబ్బి, బిగుసుకుపోయి మెరుస్తోంది. గొట్టంలోంచి సంచిలోకి దిగుతున్న మూత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది. రక్తపరీక్ష కాగితం రాగానే చెల్లెలిని పక్కకు పిలిచింది.

“కండ నలిగితే అందులోని సీకే అనే పదార్థం రక్తంలోకి కారుతుందమ్మా. రెండొందల లోపు ఉండాలి. మీ ఆయనకు ఇరవై రెండు వేలుంది, ఇంకా పెరుగుతుంది. పొటాషియమైతే గుండెను ఆపేసేంత ఉంది. మెట్ల మీద జారితే ఇంత రాదు. గంటల తరబడి ఏదో బరువు కింద ఉన్నాడు. నిజం చెప్పండి.”

చెల్లెలు భర్త చెవి దగ్గర వంగి అడిగింది.

“క్రేను కొక్కెం విరిగి రాళ్లు మీద పడ్డాయి,” అన్నాడతను, పెదాలు తడుపుకుంటూ. “పొద్దున్నించి నాలుగు గంటలు కిందే ఉన్నా. అంబులెన్సు వద్దన్నాడు బావ. ముందు కొక్కెం మార్పించాడు. మెట్లని చెప్పమన్నాడు.”

“నువ్వెందుకు ఒప్పుకున్నావ్?”

“మీ అన్నయ్య కదా.”

ఆమె వరండాలోకి వచ్చింది.

“రాళ్ల కింద ఎంతసేపున్నాడన్నయ్యా?”

“కొక్కెం అరిగిందని పోయిన నెలే తెలుసమ్మడూ. బయటపడితే జైలుకెళ్లేది నేనే. కాలేగా, కట్టు కడితే సరిపోతుందనుకున్నా.”

“నమ్మించి గొంతు కోశావు.”

ఆమె లోపలికెళ్లి డాక్టరమ్మతో, “నాలుగు గంటలు, రాళ్ల కింద. రాసుకోండి,” అంది.

సెలైన్ ధార పెంచారు. పొటాషియం దించే మందులెక్కించారు. గంటగంటకూ మూత్రం కొలిచారు, ఆరు గంటలకోసారి రక్తం తీశారు. మర్నాటికి సీకే ఎనభై వేలు దాటింది. మూత్రపిండాలు మొరాయిస్తే మూడుసార్లు డయాలసిస్ చేశారు. నాలుగో రోజు అంకెలు దిగడం మొదలైంది. మనిషి దక్కాడు, కాలూ దక్కింది, కుంటు మిగిలింది. గోదాము ప్రమాదం గురించి వచ్చిన తనిఖీ అధికారికి జరిగిందంతా చెల్లెలే చెప్పింది.

ఇంటికి పంపేరోజు అన్నయ్య ఆటో తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. తలెత్తలేదు.

“పోనీలే, ఎక్కుదాం,” అన్నాడు భర్త.

ఆమె భర్త చంకల కింద కర్రలు సరిచేసి, అవతలి బస్టాపు వైపు మెల్లగా రోడ్డు దాటించింది.