వీపు మీద రెండు రోజులు

బిందె నడుముకెత్తబోయి స్వర్ణలత ఆగిపోయింది. వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, రెండు రోజులు. ఏది ఒంటికి పడదో తేల్చేందుకు నిన్న నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ అతికించిన పట్టీల కింద చుక్కచుక్కగా రకరకాల రసాయనాలున్నాయి. ఒకటి తలకేసుకునే నల్లరంగులోది.

"శుక్రవారం పూట తలకు పోసుకోకుంట పొయ్యికాడికి వస్తవా?" అత్త ఆండాళు వాకిట్లోంచే అడిగింది.

"రేపు విప్పుతరత్తమ్మా."

ఏడేళ్ళుగా మాడు మీదా, కనుబొమల్లో, ముక్కు పక్కలా జిడ్డు పొట్టు. హాలియాలో చీరల దుకాణంలో ఆమె గిరాకీలకు చీర మడత విప్పి చూపిస్తుంటే దానిమీద రాలేది. సేటు ఆమెను గిరాకీల ముందునుంచి తీసి వెనకగదిలో మడతలేసే పనికి మార్చాడు. "జర శుభ్రంగుండరాదా" అన్నాడు భర్త నరహరి. శుభ్రం! ఆ ఇంట్లో ఊడ్చేదీ, తోమేదీ, అందరి బట్టలూ ఉతికేదీ ఆమే. ముప్పైకే తల నెరిస్తే రంగు డబ్బా తెచ్చిచ్చింది ఆయనే. "నా పక్కన నడుస్తే అక్కనుకుంటరు." రంగేసిన ప్రతిసారీ వారం రోజులు మంట. చెబితే, "అందరేసుకుంటలేరా? నీ ఒక్కదానికేనా?"

మంట ఎప్పుడొస్తుందని అడిగింది డాక్టరమ్మ ఒక్కతే. ఇట్లా పొట్టు రాలేవాళ్ళలో ఎందరికి ఆ రసాయనం పడదో పరిశోధన చేస్తోందట. "రెండిటికి సంబంధముందో లేదో ఇంక తేలలేదమ్మా."

శనివారం బస్సులో స్వర్ణలతకు ఒకటే ఆలోచన. ఏమీ తేలకపోతే? మళ్ళీ తప్పు తనదే అవుతుంది. వీపు మీద ఒకచోట దురద. గోకలేదు. ఎక్కడ తగ్గిపోతుందోనని భయంగా దాన్నే కనిపెట్టుకుని కూర్చుంది.

పట్టీలు తీసిన అరగంటకు డాక్టరమ్మ చూసింది. ఒక్కచోట ఎర్రగా ఉబ్బి, చిన్న పొక్కులు.

"రంగు మందే. సోమవారం మళ్ళ చూస్తగని, ఇగ రంగెయ్యకు."

"పొట్టు దీనివల్లనేనా మేడం?"

"అది ఇప్పుడే చెప్పలేను. మంట మాత్రం దీనిదే. మురికి గాదమ్మా."

ఆ చివరి మాటకు స్వర్ణలతకు ఏడుపు ఆగలేదు.

పరిశోధనకు ఫొటో కావాలన్నారు. పేరు రాయరట, కళ్ళమీద నల్లగీత వేస్తారట. "ఇంట్ల అడిగొస్తవా?" అంది నర్సు నిర్మలమ్మ.

స్వర్ణలత జడ విప్పుకుంది. పాపిట పక్కన తెల్లగా మొలిచిన వెంట్రుకలు కనబడేలా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"తీయుండ్రి. నా కండ్ల మీద గీత మాత్రం ఎయ్యకుండ్రి."