డెబ్బై ఎనిమిది చూపించిన ముల్లు

నేను ఒక స్పీడోమీటరును. పాత స్కూటర్ హ్యాండిల్ మధ్యలో, గాజు బిళ్ల వెనక, ఎర్ర ముల్లుతో కూర్చుని ఉంటాను. ముందు చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు.

కర్మాగారంలో నన్ను బిగించిన అమ్మాయి, ముల్లు సున్నా దగ్గర ఆగిందో లేదో వంగి చూసి పంపింది. తరువాత నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు. మొదటి యజమాని హనుమకొండలో లెక్కల మాస్టారు. ఆయన నలభై ఎన్నడూ దాటలేదు కనుక నాతో పనే పడలేదు. ఆయన దగ్గర బండి కొన్న స్వరూప పల్లెల్లో సూదులు వేసే నర్సు. ఆమె చూపంతా పక్కనున్న పెట్రోలు ముల్లు మీదే. వాడికి దక్కే మర్యాద చూసి నాకు కుళ్లుగానే ఉండేది.

నిరుడు స్వరూప మోకాలికి ఆపరేషన్ అయింది, ఇక బండి నడపలేకపోయింది. అప్పటికే కూతురు అక్షితకు పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చింది. రోజూ పొద్దున తల్లిని పదహారు కిలోమీటర్ల అవతల ఆరోగ్య కేంద్రంలో దింపి, ఆ పిల్ల కాలేజీకి పోయేది.

ఒకరోజు తల్లిని దింపి వస్తుంటే కొత్త బైపాస్ రోడ్డు ఖాళీగా ఉంది. అక్షిత యాక్సిలరేటర్ గట్టిగా తిప్పింది. నేను డెబ్బై ఎనిమిది చూపించాను. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే వేసింది, అంత పైకి నన్ను ఎవరూ తీసుకుపోలేదు. అక్కడ హద్దు యాభై. కెమెరా మాత్రం నవ్వలేదు. కొన్నాళ్లకు కోర్టుకు రమ్మని నోటీసు వచ్చింది. లైసెన్సు మూడు నెలలు ఆపవచ్చని అందులో ఉంది. ఆపితే స్వరూప ఉద్యోగానికి వెళ్లే దారి లేదు, ఆ వేళకు ఆ ఊరికి బస్సే లేదు.

స్వరూప తమ్ముడు తిరుపతి రంగంలోకి దిగాడు. ఎప్పుడో భూమి కేసులో సాక్షిగా వెళ్లి వచ్చిన నాటి నుంచి ఆయన సగం వకీలు. వాకిట్లో నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జడ్జి అయిపోయాడు.

"ఎంత స్పీడ్ల పోయినవమ్మా?"

"డెబ్బై..."

"ఆగాగు. మీటర్ కరాబైంది సార్, నాకు తెల్వదు అనాలె. తల దించుకొని చెప్పు."

నాలుగు రోజులు అదే పాఠం. చివరికి అబద్ధానికి ఆధారం కూడా ఉండాలని నన్ను మెకానిక్ యాకూబ్ దగ్గరికి తోలుకుపోయాడు.

"బాగు చెయ్యుమని వస్తరు గని, చెడగొట్టుమని ఎవ్వలు రారన్నా," అంటూనే యాకూబ్ నా కేబుల్ పీకాడు. ముల్లు సున్నా దగ్గర చచ్చుబడింది. ఏ పాపమూ ఎరుగని నన్ను దొంగను చేశారు కదా అని ఏడుపొచ్చింది.

కోర్టు రోజున తిరుపతి ముందే వెళ్లాడు. తల్లీకూతుళ్లు వెనక బయలుదేరారు. వేగం తెలియక అక్షిత ఎంత భయంగా నడిపిందంటే, కూరగాయల సైకిలు కూడా మమ్మల్ని దాటిపోయింది.

"ఎంతల పోతున్నవే?" అని స్వరూప అడిగింది.

"తెలుస్తలేదమ్మా."

ఆ మాట అన్నాక అక్షిత బండిని యాకూబ్ షాపు ముందు ఆపి, కేబుల్ మళ్లీ పెట్టమంది.

"మామకు ఏం చెప్తవే? లైసెన్స్ పోతే ఎట్ల?" అని స్వరూప అడిగింది.

"తెల్వకపోతే తెల్వదందును. నేను చూసిననమ్మా."

కేబుల్ తగలగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ కోర్టు ఆవరణలో నిలబడ్డ రెండు గంటలూ గుండె దడే. ఆగిన బండి మీద నా ముల్లు సున్నా దాటదు కనుక అది ఎవరికీ కనిపించలేదు.

లోపల జరిగింది వాళ్ల మాటల్లోనే విన్నాను. ముందు తిరుపతి గొణుగుతూ వచ్చాడు. "నేను నేర్పిందేంది, నువ్వు చెప్పిందేంది?"

స్వరూప కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "డెబ్బై ఎనిమిది సార్, మీటర్ చూసిన అంటది. ఎందుకు పోయినవంటే, రోడ్డు మంచిగున్నదంటది. జడ్జిగారేమన్నరు, విన్నవు కదరా? పొద్దున్నుంచి వచ్చిన ఏడుగురికీ మీటర్లు చెడిపోయాయట, ఒక్కటైనా పనిచేస్తున్నందుకు సంతోషం, అన్నరు."

మొదటి తప్పు కనుక జరిమానాతో, గట్టి హెచ్చరికతో వదిలారు. లైసెన్సు అక్షిత చేతిలోనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కోర్టులో నా మాట చెల్లిందని గర్వపడ్డాను కూడా. పెట్రోలు ముల్లు వైపు ఓసారి చూశాను.

తిరుగు దారిలో అదే బైపాస్, అదే గాలి.

"ఎంతల పోతున్నవే?"

"నలభై ఆరు."

వారం రోజులుగా కంటిమీద కునుకు లేని స్వరూప, కూతురి భుజం మీద తల వాల్చింది. అక్షిత నా వైపు ఒకసారి చూసి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలింది. నా ముల్లు ముప్పైకి దిగి, ఇల్లు చేరేదాకా అక్కడే ఉంది.