టిక్కు పెట్టిన విన్నపం

తమ్ముడు పోయిన రోజు బుధవారం. నేను మూడో తరగతికి డిక్టేషన్ చెబుతున్నాను. కుట్టు కార్ఖానా వైపు పొగ లేచిందని ఎవరో అరిచారు. నేను వెళ్ళేసరికి ముందు గుమ్మంలోంచి బయటపడ్డవాళ్ళు రోడ్డు మీద కూర్చుని దగ్గుతున్నారు. ఇస్త్రీ బల్లలు ఉండేది వెనక గదిలో. వెనక తలుపుకు బయట తాళం వేసి ఉంది. ఆ గదిలోంచి ముగ్గురు రాలేదు. వాళ్ళలో ఒకడు నా తమ్ముడు.

అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసి, తను మాత్రం నలిగిన చొక్కాతో చర్చికి వచ్చేవాడు. "దేవుడి దగ్గరికి కూడా ఇలాగేనట్రా?" అంటే, "ఆయనకి నా సంగతి తెలుసులే అక్కా" అనేవాడు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ప్రార్థన కూటంలో ఎవరి విన్నపం వాళ్ళు లేచి చెబుతారు. నేను తేదీ వేసి నోటుబుక్కులో రాస్తాను. జవాబు వచ్చిందని ఎవరైనా సాక్ష్యం చెబితే టిక్కు పెట్టి, పక్కన ఆ మనిషి పేరు రాస్తాను. పదకొండేళ్ళుగా ఆ పని నాదే.

ప్రమాదానికి ఆరు వారాల ముందు తమ్ముడు లేచి, "గుడ్డలు పోతున్నాయని మా వెనక తలుపుకి పనివేళ తాళం వేస్తున్నారు. అది తీసేలా ప్రార్థన చేయండి" అన్నాడు. కార్ఖానా యజమాని రెండో వరసలోనే ఉన్నారు. ఆయన మా సంఘ పెద్ద, మా బడి కమిటీకి అధ్యక్షుడు కూడా. అందరం కళ్ళు మూసుకున్నాం. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆయనే.

మరుసటి శుక్రవారం ఆయన లేచి, "ఆ తలుపు సంగతి చూసుకున్నాం, దేవునికి స్తోత్రం" అన్నారు. నేను టిక్కు పెట్టాను. ఆ రోజు తమ్ముడికి రెండో షిఫ్టు, కూటానికి రాలేదు. ఇంటికొచ్చాకైనా వాణ్ణి అడగలేదు. జవాబు వచ్చిందన్న విన్నపం గురించి మళ్ళీ ఆరా తీస్తే అవిశ్వాసం అనుకుంటాం మేము. బడిలో పిల్లలు చేసిన లెక్క చూడకుండా మాత్రం నేనెన్నడూ టిక్కు పెట్టలేదు.

కార్మిక శాఖ అధికారి విచారణ మొదలుపెట్టారు. తాళం సంగతి తనకు తెలియదని యజమాని రాసిచ్చారు. తెలుసునని చెప్పే కాగితం నా నోటుబుక్కు ఒక్కటే. తలుపు తీశారని చెప్పే గుర్తూ అదే పేజీలో ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అన్నారు: "విచారణ ప్రభుత్వం పని. మన పని ప్రార్థన. సంఘం ఈ గొడవల్లో తలదూర్చకూడదు."

కార్ఖానాలో గుండీలు కుట్టే పిన్ని లేచింది. "అలాగా అయ్యగారూ? సారాకొట్టు మూయించాలని మొన్న ఆఫీసు ముందు ఎండలో నిలబెట్టారుగా మమ్మల్ని. నా చెప్పు కూడా తెగింది. అదెవరి పని?"

"అది పాపం మీద పోరాటం, అమ్మా."

"మనుషుల్ని లోపల పెట్టి తాళం వేస్తే అది పాపం కాదా?"

పాస్టరుగారు బైబిలు మూసి చంకన పెట్టుకున్నారు. ఆ ముగ్గురినీ సమాధి చేసిన రోజు చివరి మట్టి పడేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయనదీ భయమే అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం యజమాని నా తరగతికి వచ్చారు. మోకాళ్ళు పట్టక, పిల్లల బెంచీ మీద పక్కకు తిరిగి కూర్చున్నారు.

"ఆ ప్రార్థన పుస్తకం చర్చి బీరువాలో ఉంటే మంచిది కదమ్మా."

"దిద్దే నోటుబుక్కుల్లో కలిసిపోయిందండీ. వెతకాలి." సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది.

"రేపు పొద్దున పంపండి, తొందరేం లేదు." గోడ మీది బొమ్మలు చూస్తూ లేచారు. "ఆ టిక్కు మీ చేత్తో పెట్టిందేగా? విచారణలో అదే అడుగుతారు. మీరు అనవసరంగా ఇరుక్కుంటారేమోనని నా బాధ. ఇంకా చాలా ఏళ్ళ ఉద్యోగం ఉంది మీకు."

ఆయన గొంతులో కోపం లేదు. ఆయన వెళ్ళాక సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

బడి వదిలేసరికి గేటు దగ్గర ఆయన డ్రైవరు కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు. గుండీల పిన్ని నా కోసం వచ్చి నిలబడి ఉంది.

"చూస్తున్నాడు పిన్నీ."

"చూడనీ. వాడి కళ్ళు వాడివి. నువ్వు నడువు."

నడిచాను. మలుపు తిరిగేదాకా వెనక కారు స్టార్టయ్యే చప్పుడు కోసమే చెవులు రిక్కించాను.

అటునుంచి అటే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాం. అధికారి పేజీ చదివి, టిక్కు మీద వేలు పెట్టారు. "అంటే తలుపు తీశారనేనా, టీచరుగారూ?"

"ఆయన చెప్పారని పెట్టానండీ. నేను వెళ్ళి చూడలేదు."

"అలాగే రాసిస్తారా?"

రాసిచ్చాను. కింద సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున, మళ్ళీ చెప్పేదాకా బడికి రావద్దని కమిటీ కబురు పంపింది.

తమ్ముడి భార్య నాతోనే ఉంటోంది. ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ అడిగింది: "వదినా, ఆ తాళం గురించి మా ఆయన చర్చిలో చెప్పారటగా. తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేదా?"

"అందరం ప్రార్థన చేశాం" అన్నాను.

శుక్రవారం విచారణలో నా కాగితం పైకి చదువుతారు. తనూ వస్తానంటోంది. టిక్కు పెట్టింది నేనేనని ఆమెకు ఇంకా చెప్పలేదు.