పలకల మీద బండి

సుందరరాజు కారు పక్కన బోర్లా పడుకుని, చెవి నేలకు ఆనించి ఉన్నాడు. ఇంజను ఆడుతోంది. ఆ మోతకు వాడలో కోళ్లన్నీ ఎటో వెళ్లిపోయాయి. పొగగొట్టం చివర తడిగుడ్డ కుక్కాడు. అటు దారి మూస్తే, చిల్లు ఉన్నచోటే పొగ బయటికి తన్నుతుంది.

ఇలా పడుకుంటే దగ్గు ఊరుకోదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు రాయి కోసిన ఛాతీ అది. లోపల రాతిపొడి పేరుకుందని డాక్టరు చెప్పిన వారానికే, రేపటి నుంచి రావద్దని మేస్త్రీ అన్నాడు. ఆ తర్వాత దొరికింది ఈ స్టీరింగు. పార పట్టలేడు, మూట మోయలేడు. కూర్చుని చేసే పని అతనికి ఇదొక్కటే మిగిలింది.

ఇవాళ అదీ పోయేలా ఉంది. కారు బట్టల దుకాణం బాలసుబ్రహ్మణ్యం శెట్టిది. ఆయన కూతురు సింధూజకు రేపు పెళ్లిచూపులు. వచ్చేవాళ్లు పొద్దున్నే కంభం స్టేషన్లో రైలు దిగుతారు.

"సాయంత్రానికి ఆ మోత బందు కావాల. కాకుంటే డ్రైవరుగా అంకన్నను పెట్టుకుంటా. స్పీడుబ్రేకరు మీద కొట్టింది నువ్వు, బాగుచేసేది నువ్వే. షెడ్డూ లేదు గిడ్డూ లేదు, ఇంటికాడ చేసుకో" అన్నాడు శెట్టి.

ఆ స్పీడుబ్రేకరు దగ్గర "పోనీరా, పోనీ" అని వెనక సీట్లోంచి తరిమింది తనేనని ఆయనకు గుర్తు లేదు. స్టెప్నీ మాత్రం గుర్తు పెట్టుకుని దింపించుకున్నాడు. "మీ వాడలో పెడితే పొద్దుగూకేసరికి చక్రం ఉండదురా. ఆఁ, సీట్లమీద మీ పిల్లోళ్లను ఎక్కించమాక" అని కూడా చెప్పాడు. సుందరరాజుకు పిల్లలు లేరు. పదేళ్లు కారు తోలించుకున్న మనిషికి ఆ సంగతి తెలియదు.

ఎదురింటి దావీదు తలుపు తీశాడు.

"ఏంది బావా ఈ గోల? జరంతో పండుకున్నోన్ని, రవ్వంత కనికరం ల్యాకుంటే ఎట్ల?"

"ఇంగ గంటే బావా. ఓర్చుకో."

దావీదు తలుపు ధడాలున వేసి గడియ పెట్టుకున్నాడు.

పొగ సైలెన్సరుకు ముందున్న అతుకు దగ్గర వస్తోంది. ఇంజను ఆపి జాకీ పెట్టాడు సుందరరాజు. ఇసకనేలలో జాకీ దిగబడింది. పెరట్లో పలకరాళ్లకు కొదవలేదు, ఆ చుట్టుపక్కల ఇళ్లలో గడప కిందా అవే, కుండ కిందా అవే. ఒక్కోదాన్నీ స్పానరుతో తట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమన్నవి నాలుగు ఏరాడు, బొంగురుగా పలికినవి అవతల పారేశాడు. ఫ్యాక్టరీలో రాయిని అలాగే చూస్తారు, పలికితే మంచి రాయి. నాలుగూ పేర్చి, పైన జాకీ నిలబెట్టి కారు లేపాడు. మామూలుగా అయితే స్టెప్నీని కారు కింద పడుకోబెట్టేవాడు, జాకీ జారినా చక్రం ఆపుతుందని. ఇవాళ ఆ చక్రం శెట్టి దుకాణంలో క్షేమంగా ఉంది.

భార్య మగ్దలీనమ్మ గిన్నెలో సబ్బునీళ్లు కలిపి తెచ్చింది. ఇంజను ఆడించి, గొట్టం పొడవునా ఆ నీళ్లు పోశాడు. అతుకు కింద బుడగలు లేచాయి. రెండు వేళ్ల పగులు. చూసి నవ్వుకున్నాడు పిచ్చోడు, నిధి దొరికినట్టు. కారిన నీళ్లు పలకల మధ్యకు దిగాయి. అతను చూడలేదు. రాయి పలికింది కదా, ఇంక చూసేదేముంది?

ఇంజను ఆపి, గొట్టం చల్లారాక పాలపొడి డబ్బా రేకు కత్తిరించి రెండు చుట్లు చుట్టాడు. సందుల్లో మెత్తటి సిమెంటు ముద్ద కూరాడు. రెండు వైపులా క్లిప్పులు బిగించాడు. మధ్యలో మూడుసార్లు బయటికి వచ్చి దగ్గాడు. చివరికి పొగగొట్టంలోని గుడ్డ లాగేసి తాళం తిప్పితే, కారు కొత్తదానిలా మెత్తగా గొణిగింది.

"అయిపాయనా?" లోపలినుంచి అడిగింది మగ్దలీనమ్మ.

"అయింది మే. ఇంగ శెట్టి నోరు గూడ మూతబడుతుంది. కూడు పెట్టు, ఒక్క క్లిప్పు బిగిచ్చి వస్తా."

గొంతులో అంత సంతోషం ఆమె చాలాకాలంగా వినలేదు. ఉన్న ఒక్క గుడ్డునూ పొరటు చేసింది.

అతను మళ్లీ కారు కిందకు దూరాడు. ఇంజను వణుకుకు పై పలక కింది పలక మీద బెత్తెడు జరిగింది. రాయి పగల్లేదు. అతను ఏరినవి మంచి రాళ్లే. జాకీ ఒరిగింది, కారు దిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మోత ఆగినందుకు దావీదు దేవునికి స్తోత్రం చెప్పుకుని దుప్పటి కప్పుకున్నాడు.

మగ్దలీనమ్మ రెండుసార్లు పిలిచింది. కంచం మీద మూత పెట్టింది. వంకెకు వేలాడే అతని చొక్కా జేబులో ఫోను మోగితే, శెట్టి అని చూసి, పట్టుకుని బయటికి వచ్చింది. కారు కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. ఒకదానికి చెప్పు ఉంది.

ఎనిమిదిమంది కారు ఎత్తారు. శెట్టి వచ్చి అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. తర్వాత మగ్దలీనమ్మను పక్కకు పిలిచాడు. "కేసు గీసు అంటే రేపు పోలీసోళ్లు బండి స్టేషన్లో పెట్టుకుంటారమ్మా. ఖర్చులన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉందని అప్పుడు గమనించాడు శెట్టి. అంతవరకు ఎవరికీ వినపడలేదు.

"పాపం, పని మాత్రం బలే చేసినాడు" అన్నాడు.

అంకన్న వచ్చి కారు తోలుకుపోయాడు. మర్నాడు సుందరరాజును పూడ్చే వేళకు పెళ్లిచూపులవాళ్లు శెట్టి ఇంటి ముందు కారు దిగారు. కారు ఎంత మెత్తగా వచ్చిందోనని మెచ్చుకున్నారు.

వాకిట్లో నాలుగు పలకలు చెదిరి ఉన్నాయి. పైదాని మీద ఆరిన సబ్బు నురగ, బలపంతో దిద్దినట్టు తెల్లగా మిగిలింది.