బొక్కల్లో సత్తు

పరశురాములు గుండ్లు వేసిన వల నీళ్ళలో సమంగా మునుగుతుందని కొడకండ్ల చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్ళలో పేరు. పాత బ్యాటరీలు కొని, లోపలి బూడిదరంగు లోహాన్ని వాకిట్లోనే కరిగించి చిన్న గుండ్లుగా పోస్తాడు. దాన్ని ఆయన సత్తు అంటాడు. గుండుకు గాటు పెట్టి, వల అంచు తాడును అందులో దూర్చి, పళ్ళతో కొరికి బిగించాలి. ఈ పనిలో ఆయనను మించిపోయింది కూతురు శ్వేత. తల్లి పోయిన తన ఎనిమిదో ఏట నుంచి పెళ్ళి దాకా తండ్రి పక్కన కూర్చొని గుండ్లు కొరికింది.

"నా బిడ్డ బొక్కలల్ల సత్తు ఉన్నది" అని కూతురి ఎముకల బలం గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకొని వాళ్ళు నవ్వేవారు.

శ్వేతకు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. "తల్లి లేని ఇంట్ల ఎవరు చూస్తరు తమ్మీ, ఈడనే ఉండనియ్యి" అని మహబూబాబాద్‌లో వియ్యపురాలు ఓదెమ్మ అంటే పరశురాములుకు రోషం వచ్చింది. "తల్లి లేకుంటే పుట్టిల్లు గూడ లేదా అక్కా" అని ఏడో నెలలో వెళ్ళి తోలుకొచ్చాడు. ఊరికే కూర్చుంటే పొద్దుపోక శ్వేత మళ్ళీ గుండ్లు అందుకుంది. ఆయన వద్దనలేదు. పైగా సంతోషించాడు.

మూడు వారాలకే ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. రక్తం గోలీలు ఎన్ని మింగినా రక్తం ఎక్కలేదు. జనగామ దవాఖానలో డాక్టరమ్మ ఆమె చిగుళ్ళ మీద నీలం గీత చూసి, నెత్తురు తీసి హైదరాబాద్ పంపింది. వారానికి కాగితం వచ్చింది.

"మీ బిడ్డ నెత్తురుల సీసం ఉన్నది పెద్దాయనా."

పరశురాములు లేచి నిలబడ్డాడు. "సీసనా మేడం? నేనంటే పండుగ పూట తాగుత గని, నా బిడ్డ సీస ముట్టది."

"తాగే సీస కాదు. కూసో. బ్యాటరీలల్ల ఉంటదే, గది."

ఆయన కూర్చున్నాడు. తాను సత్తు అనేది ఈ సీసాన్నే. వాకిట్లో పొయ్యి గురించి, గుండ్ల గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ ఓపికగా వివరించింది. మింగిన సీసంలో చాలా వరకు మలంతో పోతుంది. ఒంటికి పట్టింది నెత్తుట్లో తిరుగుతుంది, అందులో కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది బొక్కల్లో చేరుతుంది. సీసం ఏదో, కాల్షియం అనే సున్నం ఏదో ఒంటికి తేడా తెలియదు. సున్నమే అనుకొని ఏళ్ళకు ఏళ్ళు దాచుకుంటుంది.

"దాసుకుంటే దాసుకున్నది. అక్కడనే ఉంటది గద మేడం?"

"ఉండదు. కడుపుల బిడ్డకు సున్నం గావాలె. తల్లి తిన్నది సాలకపోతే ఒళ్ళు తన బొక్కలల్లకెళ్ళి తీసి ఇస్తది. దాని ఎంబడి సీసం గూడ వస్తది. చిన్న పానం, మెదడు ఎదిగే వేళ. అందుకే పాలు, సున్నం గోలీలు తప్పద్దు. అన్నిటికంటె ముందు, తల్లిని ఆ ఇంట్ల ఉంచద్దు."

పరశురాములు దవాఖాన మెట్ల మీద కూర్చున్నాడు. పట్టుబట్టి తెచ్చుకున్న పిల్లను కాన్పు కాకముందే తిప్పి పంపాలి. రక్తం తక్కువుందని మాత్రమే చెప్పి ఊరుకుంటే పరువు దక్కుతుంది. కానీ సంగతి తెలియని ఓదెమ్మ, ఆ పిల్లకు ఏం పెట్టాలో ఎట్లా కనిపెట్టుకుంటుంది? ఫోన్ చేశాడు.

"గుండ్లు నేనే కొరికిచ్చిన అక్కా. ఆ సత్తు దాని బొక్కలల్ల గూసున్నదట. తప్పు నాది."



"ఎవరన్న బిడ్డకు ఒడిబియ్యం పోసి పంపుతరు తమ్మీ. నువ్వు సత్తు పోసి పంపినవు" అంది ఓదెమ్మ. ఆ వెంటనే, "తోల్కరా. బర్రె ఈనింది, పాలకు కరువు లేదు" అని పెట్టేసింది.

 పరశురాములు శ్వేత బట్టలు తేవడానికి ఇంటికి వెళ్తే, గోడ మేకుకు సైకిల్ పనికి కొన్న పకడ్ పట్టకారు వేలాడుతూ కనబడింది. పదేళ్ళుగా అక్కడే ఉంది. దానితో నొక్కినా గుండు బిగుస్తుంది. పళ్ళతో అయితే జల్దీ అవుతుందని అన్నది తనే. ఆ గోడకు ఆనుకొని పరశురాములు ఏడ్చాడు.

మహబూబాబాద్‌లోనే ఆడపిల్ల పుట్టింది. పిల్ల నెత్తుట్లోనూ కొంత సీసం ఉందనీ, పెరిగే కొద్దీ పరీక్ష చేయిస్తూ ఉండాలనీ అక్కడి డాక్టరు చెప్పాడు. పొయ్యి తీసేసి, వలలకు ఇనుప గుండ్లు కట్టడం మొదలుపెట్టిన పరశురాములు ఉతికిన బట్టలతో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"చేతులు కడుక్కున్నవా తమ్మీ?"

"మూడుసార్లు కడుక్కున్న అక్కా."

ఓదెమ్మ పిల్లను ఆయన ఒడిలో పెట్టింది. పిల్ల ఆయన వేలు పట్టుకొని వదల్లేదు. ఎంత పట్టు. ఆయన మొహం విప్పారింది.

"నా మనుమరాలి బొక్కలల్ల..." అన్నాడు. తర్వాతి మాట నోట్లోనే ఆగిపోయింది.

శ్వేత తల తిప్పుకుంది. ఓదెమ్మ పాలగ్లాసు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.